ఊపిరి నిలిపిన శస్త్రవైద్యుడు: డాక్టరు ఎవార్ట్స్ గ్రేహాము

పసికందు భూమిపై బడి కేరుమని యేడ్చిన క్షణమున ఊపిరి మొదలగును. నాటినుండి కడపటి గడియ వరకు అది ఆగక నడచుచునే యుండవలెను. అన్నము లేక మనుజుడు కొన్ని వారములు జీవింపగలడు; నీరు లేక కొన్ని దినములు జీవింపగలడు; ఊపిరి లేక కొన్ని నిమిషములైనను నిలువజాలడు. ఇట్టి ఊపిరికి ఆధారమైన రొమ్మును కోసి, లోపలి తిత్తిని బాగుచేసి, మరల మూసి, రోగిని బ్రదికించుట యనునది వైద్య చరిత్రలో మిక్కిలి ఆలస్యముగా సాధింపబడిన విద్య. కడుపును కోయుట కలవాటు పడిన శస్త్రవైద్యులు సైతము రొమ్ము దగ్గరకు వచ్చుసరికి చేయి వెనుకకు తీయుచుండిరి. అందులకు కారణము గాలి.

కమ్మరి కొలిమివద్ద తిత్తిని చూడనివారు మన పల్లెలలో నుండరు. తిత్తి తనంతట తాను ఉబ్బదు. దానిని లాగినప్పుడే గాలి పీల్చుకొనును. మన ఊపిరితిత్తులును అట్టివే. వాటికి స్వంత బలము లేదు. ప్రక్కటెముకలు పైకి లేచి, పొట్టకును రొమ్మునకును నడుమ నుండు కండరపు తెర క్రిందికి దిగినప్పుడు రొమ్ము విశాలమగును. దానితో పాటు తిత్తులును విప్పారును. తిత్తిని కప్పి యొక పలుచని పొరయు, రొమ్ము గోడకు లోపలివైపున మరియొక పొరయు కలవు. ఆ రెంటి నడుమ కొలదిపాటి తడి తప్ప గాలి యుండదు. రొమ్ముగోడకు చిల్లి పడినను, తిత్తికే చిల్లి పడినను, ఆ పొరల నడుమకు గాలి చొరబడును. అంతట తిత్తి ముడుచుకొని పోవును. రొమ్ము ఎంత లేచి పడినను తిత్తి కదలదు. రోగి గాలి నడుమనే గాలికై తపించిపోవును.

ఈ గాలి భయమును లెక్కకు తెచ్చి, కారణమును కనుగొని, రొమ్ము శస్త్రచికిత్సకు దారి చూపిన మహనీయులలో అమెరికా దేశస్థుడైన డాక్టరు ఎవార్ట్స్ ఆంబ్రోస్ గ్రేహాము అగ్రగణ్యుడు. ఆయన జీవితమున విజయమును, విషాదమును ఒకే త్రాటిని పేనినట్లు కలిసి నడచినవి.

బాల్యము, విద్య

గ్రేహాము 1883 వ సంవత్సరము మార్చి 19 వ తేదీన షికాగో నగరమున జన్మించెను. తండ్రి డేవిడ్ విల్సన్ గ్రేహాము ఆ నగరమున పేరుగల శస్త్రవైద్యుడు. తండ్రి వృత్తిని చిన్ననాటినుండి కన్నులార చూచుచు పెరిగిన బాలునకు వేరొక త్రోవ తోచలేదు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున 1904 లో పట్టము పొంది, షికాగోలోని రష్ వైద్య కళాశాలయందు 1907 లో వైద్య విద్యను ముగించెను.

పట్టము చేతికి రాగానే బోర్డు కట్టి సంపాదనకు దిగుట సాధారణముగా జరుగు పని. గ్రేహాము అట్లు చేయలేదు. శరీరములో జరుగు మార్పులన్నిటికిని రసాయన శాస్త్రము మూలమనియు, అది తెలియక కత్తి పట్టుట చీకటిలో నడచుట వంటిదనియు ఆయన తలంచెను. వైద్యుడై యుండియు మరల విద్యార్థియై షికాగో విశ్వవిద్యాలయమున రసాయన శాస్త్రము నభ్యసించెను. అచ్చటనే హెలెన్ ట్రెడ్‌వే అను విద్యావతితో పరిచయమయ్యెను. ఆమె రసాయన శాస్త్రమునందు పరిశోధన చేసి పట్టము పొందిన విదుషి. వారిరువురకు 1916 లో వివాహము జరిగెను. ఆమె తరువాతి కాలమున ఔషధ శాస్త్రమునందు స్వయముగా గొప్ప పరిశోధకురాలై, భర్తకు సహధర్మచారిణియే గాక విద్యలో సమానురాలుగ వెలసెను.

ధర్మనిష్ఠ

గ్రేహాము కొంతకాలము అయోవా రాష్ట్రములోని మేసన్ సిటీ అను చిన్న పట్టణమున వైద్యము చేసెను. ఆ కాలమున అమెరికాలో నొక దురాచారము ప్రబలియుండెను. రోగిని శస్త్రవైద్యుని వద్దకు పంపిన వైద్యునకు, ఆ శస్త్రవైద్యుడు తన ఫీజులో కొంత వాటాను చాటుగా నిచ్చుచుండెను. ఎవడు ఎక్కువ వాటా నిచ్చునో వానియొద్దకే రోగిని పంపుదురు గాని, ఎవని చేయి మంచిదో విచారింపరు. రోగికి ఈ సంగతియే తెలియదు. గ్రేహాము ఈ బేరమునకు ఎన్నడును ఒప్పుకొనలేదు. దానివలన తనకు రాబడి తగ్గినను లెక్క చేయక, ఆ ఆచారమును జీవితాంతము బహిరంగముగా ఖండించెను. శస్త్రవిద్యలో తగిన శిక్షణ పొంది పరీక్షలో నెగ్గినవాడే శస్త్రవైద్యుడని పిలువబడవలెనను పట్టుదలయు ఆయనకు అచ్చటనే నాటుకొనెను. తరువాత 1937 లో శస్త్రవైద్యుల యోగ్యతను నిర్ణయించు అమెరికను బోర్డు ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షుడు ఆయనయే.

యుద్ధ శిబిరములలో మృత్యువు

మొదటి ప్రపంచ యుద్ధమున అమెరికా చేరిన పిమ్మట లక్షలాది యువకులు సైనిక శిబిరములలో క్రిక్కిరిసి యుండిరి. 1917-18 చలికాలమున ఆ శిబిరములలో తట్టు వ్యాపించెను. దాని వెంట ఒక విధమైన తీవ్రమైన ఊపిరితిత్తుల జ్వరము వచ్చెను. ఆ జ్వరమునుండి కోలుకొనక మునుపే రొమ్ములో చీము పట్టుచుండెను. శత్రువు ముఖమైనను చూడకుండ యువకులు మంచములపై మరణింపసాగిరి.

చీము పట్టినచోట కోసి బయటికి పోనీయవలెనన్నది అనాదిగా వచ్చుచున్న వైద్య సూత్రము. కనుక వైద్యులు ప్రక్కటెముక ముక్కను తీసి, రొమ్మునకు పెద్ద రంధ్రము చేసి చీమును వెడలించుచుండిరి. కాని విచిత్ర మేమనగా, చికిత్స చేయబడిన వారిలో వందకు సుమారు ముప్పదిమంది మరణించుచుండిరి. కొన్ని శిబిరములలో మరణములు అంతకు మించియు నుండెను. శస్త్రచికిత్స జరిగిన కొలది గంటలలోనే రోగి నీలివర్ణమునకు తిరిగి ప్రాణము విడుచుచుండెను. రోగము చంపుచున్నదా, వైద్యము చంపుచున్నదా యను సందేహము కలిగెను.

దీనిని విచారించుటకై సైన్యము ఒక సంఘమును నియమించెను. గ్రేహాము అందులో సభ్యుడై వర్జీనియా రాష్ట్రములోని క్యాంప్ లీ యను శిబిరమునకు పోయెను. అచ్చట రిచర్డు బెల్ అను సహచరునితో కలిసి శవములపైనను, కుక్కలపైనను ప్రయోగములు చేసి చూచెను. అంతవరకు అందరి నమ్మకము ఏమనగా: కుడి యెడమ ఊపిరితిత్తుల నడుమ గుండె మున్నగు అవయవములతో నొక అడ్డుగోడ కలదు, అది గట్టిది, కావున ఒక ప్రక్క రంధ్రము చేసినచో ఆ ప్రక్క తిత్తి మాత్రమే ముడుచుకొనును, రెండవది యథాప్రకారము పనిచేయును. గ్రేహాము, బెల్ చేసిన ప్రయోగములు ఈ నమ్మకమును కూలద్రోసెను. ఆ నడిమి గోడ గట్టి గోడ కాదు. గాలికి ఊగు గుడ్డ తెర వంటిది. ఒక ప్రక్క గాలి చొరబడగానే తెర రెండవ ప్రక్కకు తూలి, రెండు తిత్తులను ఒకేసారి నొక్కివేయును. రంధ్రము పెద్దదైన కొలది కంఠము ద్వారా పోవలసిన గాలి రంధ్రము ద్వారా పోవును. అప్పటికే జ్వరముతో క్షీణించిన రోగి ఆ నష్టమును ఓర్వలేడు.

రోగము ముదిరి చీము చిక్కబడిన పిమ్మట పొరలు ఒండొంటికి అంటుకొని తెర బిగిసికొనును. అప్పుడు కోసినను అపాయము తక్కువ. రోగారంభమున ద్రవము నీరువలె పలుచగ నుండగా కోయుటయే మృత్యువునకు ద్వారము తెరచుట. ఇంత చిన్న సత్యము తెలియక వేలాది ప్రాణములు పోయినవి.

నీటి క్రింది గొట్టము

మరి తొందరగా చీము తీయవలసి వచ్చినచో ఏమి చేయవలెను? గ్రేహాము చూపిన మార్గము ఇది. మొదట సూదితో ద్రవమును లాగవలెను; లేదా సన్నని గొట్టమును రొమ్ములోనికి పంపి, దాని చుట్టు గాలి దూరకుండ బిగించి, గొట్టపు రెండవ కొసను సీసాలోని నీటిలో ముంచి యుంచవలెను. ఈ నీటి గొట్టము కొత్తది కాదు. జర్మనీలోని హాంబర్గు నగరమున బ్యూలౌ అను వైద్యుడు దీనిని వాడి, 1891 లో ప్రకటించి యుండెను. కాని దాని విలువను పలువురు గుర్తింపలేదు.

ఆ సాధనము మిక్కిలి సులభమైనది. సీసాను రోగి మంచమునకు దిగువను నేలపై నుంచుదురు. రోగి ఊపిరి విడిచినప్పుడు, దగ్గినప్పుడు, రొమ్ములోని చీమును గాలియు గొట్టము వెంట దిగి నీటిలోనికి వచ్చును. ఊపిరి పీల్చినప్పుడు నీరు గొట్టములో కొంత యెత్తు లేచునే గాని రొమ్మును చేరదు. నీరు అడ్డుగ నున్నందున బయటి గాలి లోనికి పోజాలదు. లోపలినుండి పోవుటయే గాని బయటినుండి వచ్చుట లేని ఒంటిత్రోవ తలుపు అది. అంతియే గాక, ఆ నీరు మాటలాడును. తిత్తికి చిల్లి యున్నంతకాలము నీటిలో బుడగలు లేచుచుండును; చిల్లి పూడగానే బుడగలు నిలిచిపోవును. రోగి రొమ్ములో కంటికి కనబడని దానిని మంచము క్రింది సీసా చెప్పుచుండును. ఒక శతాబ్దము గడచినను నేటికిని ప్రపంచమందలి ఆసుపత్రులలో ఈ సూత్రమే నడచుచున్నది.

కొత్త పద్ధతిని అనుసరించిన పిమ్మట శిబిరములలో మరణములు వందకు ముప్పదినుండి ఐదు లోపునకు దిగినవి. కత్తికి పదును పెట్టుటవలన గాక, కత్తిని ఎప్పుడు దింపరాదో తెలిసికొనుటవలన ఈ ప్రాణములు దక్కినవి.

సెయింట్ లూయీలో ఆచార్యుడు

యుద్ధానంతరము 1919 లో సెయింట్ లూయీ నగరములోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయము గ్రేహామును శస్త్రవిద్యా ప్రధానాచార్యుడుగ నియమించెను. అచ్చటి బార్న్స్ ఆసుపత్రియే ఆయన కార్యక్షేత్రమయ్యెను. 1951 వరకు, అనగా ముప్పదిరెండు సంవత్సరములు, ఆ పదవిలో నుండి అసంఖ్యాకులైన శిష్యులను తయారుచేసెను.

పిత్తాశయమును ఎక్సురేలో కనబడునట్లు చేసిన పద్ధతియు ఆయనదే. వారన్ కోల్ అను శిష్యునితో కలిసి, కాలేయము ద్వారా పిత్తాశయమును చేరునట్టి రసాయన ద్రవ్యములను కుక్కల రక్తములోనికి ఎక్కించి ఎక్సురేలు తీయుచుండిరి. నెలల తరబడి శ్రమించినను నీడయైనను కనబడలేదు. ఒకనాడు ఒక కుక్కలో మాత్రము పిత్తాశయము స్పష్టముగ కనబడెను. దీనికే యేల కనబడె నని విచారింపగా, కుక్కలను కనిపెట్టు పనివాడు ఆనాటి ఉదయము దానికి తిండి పెట్టుట మరచెనని తేలెను. తిండి తిన్నచో పిత్తాశయము ముడుచుకొని ఖాళీ యగును. ఖాళీ కడుపున నున్నచో నిండుగ నుండి ద్రవ్యమును నిలుపుకొనును. పనివాని మరపు పరిశోధకుని కన్ను తెరచెను. 1924 లో ఈ పద్ధతి లోకమునకు వెల్లడి యయ్యెను. తరువాత అర్ధ శతాబ్దమునకు పైగా వైద్యులు దీనినే వాడిరి.

ఊపిరితిత్తిని తీసిన దినము

అయినను గ్రేహాము మనస్సు రొమ్మును వీడలేదు. 1920 ప్రాంతములలో ఊపిరితిత్తిలో కురుపు లేచి చీము పట్టిన రోగులు నరకయాతన పడుచుండిరి. చెడిన భాగమును కోసి తీసినచో సుమారు సగముమంది మరణించుచుండిరి. గ్రేహాము కాల్చిన ఇనుముతో చెడిన భాగమును కొంచెము కొంచెముగ, పలుమారులు కాల్చు పద్ధతిని అవలంబించెను. ప్రాణములు కొంతవరకు దక్కినను, కాల్చినచోట శ్వాసనాళపు కొమ్మలు నోళ్లు తెరచుకొని, ఆ రంధ్రముల గుండ గాలి పోవుచునే యుండెను. గాలి పోవు రంధ్రమును మూయనిదే ఊపిరితిత్తుల శస్త్రచికిత్స సంపూర్ణము కాదని ఆయనకు తెలిసివచ్చెను.

1933 లో పిట్స్‌బర్గు నగరమునుండి జేమ్స్ గిల్మోర్ అను నలుబదియెనిమిదేండ్ల వైద్యుడు సెయింట్ లూయీకి వచ్చెను. కాన్పుల వైద్యమున నిపుణుడైన ఆయన కొన్ని నెలలుగా దగ్గు, జ్వరము, రొమ్ము నొప్పితో బాధపడుచుండెను. గొట్టము వేసి పరీక్షింపగా ఎడమ ఊపిరితిత్తిలో క్యాన్సరు అను రాచపుండు కలదని తేలెను. ఆనాడు ఆ వ్యాధి మరణశాసనమే. గిల్మోర్ శస్త్రచికిత్సకు ముందు కొన్నాళ్లు ఇంటికి పోయి వచ్చెను. ఆ రోజులలో ఆయన తన పండ్లను బాగు చేయించుకొనెననియు, శ్మశానమున తనకై స్థలమును కూడ కొనెననియు చెప్పుదురు. ఆశయు నిరాశయు ఒకే హృదయమున ఎట్లు నివసించునో దీనివలన తెలియును.

1933 వ సంవత్సరము ఏప్రిలు 5 వ తేదీన గ్రేహాము రొమ్మును తెరచెను. పై భాగమును మాత్రమే తీయవలెనని ఆయన ఉద్దేశము. తెరచి చూడగా పుండు క్రింది భాగపు నాళమునకు మిక్కిలి చేరువలో నుండెను. సగము తీసిన పుండు మిగులును. మొత్తము తీసిన రోగి నిలుచునో లేదో తెలియదు. అంతకు ముందు 1931 లో బెర్లినులో నిస్సెన్ అను వైద్యుడు ఒక బాలికకు, 1932 లో అమెరికాలో హెయిట్ అను వైద్యుడు మరియొక రోగికి ఒక ప్రక్క తిత్తిని తీసియుండిరి. కాని అవి రెండు విడతలుగా జరిగిన చికిత్సలు, క్యాన్సరు రోగులకు చేసినవియు కావు. ఒకే పట్టున క్యాన్సరు రోగికి పూర్తి తిత్తిని తీసి బ్రదికించినవాడు అంతవరకు లేడు.

గ్రేహాము తొందరపడలేదు. తిత్తి మొదట రబ్బరు గొట్టమును చుట్టి బిగించి, కొలదిసేపు రోగి గుండెను, రక్తప్రసారమును గమనించెను. మార్పు కనబడలేదు. రోగి మిత్రుడైన వైద్యుడు అచ్చటనే యుండగా ఆయనకు సంగతి తెలిపి, అంగీకారము పొంది, తిత్తిని మొదలంట తీసివేసెను. శ్వాసనాళపు మొదలును కాల్చి, కుట్టి, గట్టి దారముతో బిగించెను. ఆ మొదలే ప్రాణము నిలుపు తావు. అది ఊడినచో ఊపిరి త్రోవయు ఖాళీ యైన రొమ్మును ఏకమై, గాలి వెలికి వచ్చును, చీము లోనికి దిగును. ఖాళీ స్థలమునకు భయపడి గ్రేహాము మూడవది మొదలు తొమ్మిదవది వరకు ఏడు ప్రక్కటెముకల భాగములను తీసి, రొమ్ముగోడ లోపలికి వాలి ఆ స్థలమును నింపునట్లు చేసెను. గోడ కూల్చి గుంట పూడ్చుట వంటి పని అది.

తరువాతి దినములు సుఖముగ గడువలేదు. మిగిలిన ఖాళీలో చీము పట్టెను; మరికొన్ని ఎముకలను తీయవలసి వచ్చెను. డెబ్బదియైదు దినముల పిమ్మట గిల్మోర్ ఆసుపత్రినుండి ఇంటికి పోయెను. మరల తన వృత్తిలో ప్రవేశించి, తల్లులకు పురుడు పోయుచు ఎందరో శిశువులకు తొలి ఊపిరి అందించెను. ఒక ఊపిరితిత్తితో మనుజుడు బ్రదుకగలడని లోకము నమ్మెను. అదే సంవత్సరము జూలైలో బాల్టిమోరు నగరమున రీన్‌హోఫ్ అను వైద్యుడు మొదలునంతను కలిపి కట్టుటకు బదులుగా రక్తనాళములను విడివిడిగ కట్టి, శ్వాసనాళమును వేరుగ కుట్టి, పద్ధతిని మరింత మెరుగుపరచెను. ఆ దారినే తరువాతివారు నడచిరి.

గాలిని పట్టు ఉపాయము

గ్రేహాము తరమువారు వేసిన బాటలో నేడు ఈ విద్య ఎంత దూరము వచ్చినదో తెలిసికొనుట యుచితము. ఊపిరితిత్తిలో కొంత భాగమును తీసిన తరువాత, రొమ్మును మూయక మునుపు, వైద్యుడు లోపల గోరువెచ్చని ఉప్పునీటిని పోయును. మత్తు వైద్యుడు గొట్టము ద్వారా తిత్తిని మెల్లగ ఉబ్బించును. ఎక్కడనైనను చిల్లి యున్నచో అచ్చట బుడగలు లేచును. సైకిలు షాపువాడు ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి పంక్చరును కనిపెట్టుట మన పిల్లలందరు చూచినదే. ఇదియు అదియు ఒకటే సూత్రము. భేద మేమనగా, ఇచ్చట ట్యూబు తడి కాగితమువలె మెత్తనిది, సూది గ్రుచ్చినచోట మరియొక చిల్లి పడునట్టిది.

కనుకనే చికిత్సలో వివేకము కావలయును. పెద్ద చిల్లిని సన్నని దారముతో కుట్టుదురు. లేక చిల్లి యున్న అంచును లోహపు పిన్నులు గ్రుచ్చు యంత్రముతో బిగింతురు. కుట్టుటకు వీలు లేనిచోట రక్తము గడ్డకట్టు పదార్థముతో చేసిన జిగురును పూయుదురు, పట్టీని అంటింతురు. శ్వాసనాళపు మొదలును ప్రక్కటెముకల నడిమి కండరముతో కప్పి రక్షింతురు. చిన్న చిల్లులను అట్లే విడుతురు. ఏలయనగా గొట్టము ద్వారా గాలి వెడలి, తిత్తి విప్పారి రొమ్ముగోడను తాకినచో, చిల్లి కొన్ని దినములలో తనంతట పూడును. రోగిని దగ్గుమని చెప్పి సీసాలోని బుడగలను చూతురు. ఐదు దినములు దాటియు బుడగలు ఆగనిచో ఆలోచింపవలసి యుండును. అప్పుడు రోగి రక్తమునే కొంత తీసి గొట్టము ద్వారా రొమ్ములోనికి పంపి పొరలు అతుకునట్లు చేయుట, శ్వాసనాళపు కొమ్మలో ఒంటిత్రోవ కవాటమును అమర్చుట, తప్పనిసరి యైనచో మరల రొమ్ము తెరచుట అను మార్గములు కలవు. పోవు గాలిని నిమిష నిమిషమునకు కొలిచి అంకెలలో చూపు యంత్రములును నేడు వచ్చినవి. ఎన్ని వచ్చినను నీటిలో లేచు బుడగయే వీటన్నిటికి ఆది గురువు.

పొగ వెనుక నిజము

గ్రేహాము చిరకాలము సిగరెట్లు కాల్చెను. ఆ కాలమున వైద్యులు సైతము కాల్చుచుండిరి. 1919 లో సెయింట్ లూయీలోనే ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించిన ఒక రోగి శవమును పరీక్షించునప్పుడు, ఇట్టిది జీవితములో మరల చూడకపోవచ్చునని చెప్పి ఆచార్యుడు విద్యార్థుల నందరను పిలిపించెను. ఆ విద్యార్థులలో ఒకడైన ఆల్టన్ ఆక్స్‌నర్ తరువాత పేరుగాంచిన శస్త్రవైద్యుడయ్యెను. ఏండ్లు గడచిన కొలది ఈ అరుదైన రోగము సాధారణమగుట చూచి, దీనికి సిగరెట్టే కారణమని ఆయన ప్రకటించెను. గ్రేహాము నమ్మలేదు. సిగరెట్ల అమ్మకము పెరిగినట్లే ఆడవారి మేజోళ్ల అమ్మకమును పెరిగినదని పరిహసించెను.

1948 ప్రాంతమున ఎర్నెస్టు విండర్ అను వైద్య విద్యార్థి గ్రేహాము వద్దకు వచ్చి, ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులను విచారించి వారి పొగత్రాగు అలవాటును లెక్క కట్టెదనని కోరెను. తనకు నమ్మకము లేని విషయమైనను గ్రేహాము అడ్డుపెట్టలేదు. తన రోగులను విచారించుటకు అనుమతించెను, సహాయమును చేసెను. ఆచార్యుని గొప్పతనము ఇచ్చట కనబడును. లెక్కలు వచ్చినవి. 1950 మే నెలలో వారిరువురి పేర వ్యాసము వెలువడెను. విచారింపబడిన రోగులు 684 మంది. అందులో 605 మంది పురుష రోగులలో నూటికి 96.5 మంది మితముగనో అధికముగనో పొగత్రాగువారే. ఇతర రోగులతో ఆసుపత్రిలో నున్న పురుషులలో అట్టివారు నూటికి 73.7 మంది. అదే సంవత్సరము ఇంగ్లండులో డాల్, హిల్ అను శాస్త్రజ్ఞులును ఇట్టి నిర్ణయమునకే వచ్చిరి.

లెక్కలతో తృప్తి పడక గ్రేహాము, విండర్, క్రోనింజర్ అను పరిశోధకురాలు కలిసి, యంత్రముతో సిగరెట్లు కాల్చి వచ్చిన తారును ఎలుకల వీపులపై పూసిరి. 1953 లో ఫలితములు ప్రకటింపబడెను. 81 ఎలుకలలో నూటికి 44 వంతున క్యాన్సరు పుట్టెను. పూర్వము పరిహసించిన నోటితోనే గ్రేహాము సత్యము నొప్పుకొనెను; తాను సిగరెట్టు మానెను; ఇతరులను మాన్పుటకు పూనుకొనెను. తన తప్పును తానే పరిశోధించి లోకమునకు చాటుట సామాన్యులకు సాధ్యమైన పని కాదు.

కడపటి అధ్యాయము

కాని పొగ తన లెక్కను మరువలేదు. మానుటకు ముందు గడచిన సంవత్సరములు వృథా పోలేదు. 1957 వ సంవత్సరారంభమున గ్రేహాముకు ఫ్లూ జ్వరము వంటిది వచ్చి తగ్గకపోగా ఎక్సురే తీసిరి. వేల యెక్సురేలను చదివిన కన్నులకు తన రొమ్ములోని నీడల నెవరును వివరింప బనిలేకపోయెను. క్యాన్సరు రెండు ఊపిరితిత్తులలోను వ్యాపించియుండెను. ఒక తిత్తియైనచో తీయవచ్చునని లోకమునకు నేర్పినవానికి, రెండును చెడినప్పుడు తీయుటకేమియు మిగులలేదు. తాను ఆలస్యముగ మేల్కొంటినని ఆయన మిత్రుడైన ఆక్స్‌నరుకు లేఖ వ్రాసెను. 1957 మార్చి 4 వ తేదీన, డెబ్బదినాలుగవ యేడు నిండుటకు పదునైదు దినములు తక్కువగా, తాను ముప్పదిరెండేండ్లు సేవించిన బార్న్స్ ఆసుపత్రిలోనే కన్ను మూసెను.

ఆయన చేతిలో ఊపిరితిత్తిని పోగొట్టుకొని ప్రాణమును దక్కించుకొన్న గిల్మోర్ అప్పటికిని జీవించియే యుండెను. 1963 వరకు, అనగా శస్త్రచికిత్స జరిగిన పిమ్మట ముప్పది సంవత్సరములు, ఆయన బ్రదికి, వేరు వ్యాధితో మరణించెను. ఏ వ్యాధినుండి రోగిని కాపాడెనో ఆ వ్యాధికే వైద్యుడు బలియగుట విధివైపరీత్యము గాక మరేమి! హెలెన్ గ్రేహాము భర్త మరణానంతరము తన పరిశోధనను కొనసాగించుచు 1971 లో పరమపదించెను.

గ్రేహాము జీవితమునుండి గ్రహింపవలసిన నీతులు రెండు. నలుగురు నమ్మినంతమాత్రమున ఒక మాట సత్యము కానేరదు. రొమ్ము నడుమ గోడ గట్టిదన్న నమ్మకమును ప్రయోగముతో పరీక్షించినందుననే వేలాది సైనికులు బ్రదికిరి. అట్లే, తానొక్కడు నమ్మనంతమాత్రమున సత్యము అసత్యము కానేరదు. పొగను గూర్చిన నిజమును ఆయన మొదట త్రోసిపుచ్చెను, పిమ్మట చేపట్టెను, కాని కాలము ఆయనకొరకు ఆగలేదు. చుట్టయైనను, బీడీయైనను, సిగరెట్టైనను, ఆ నిప్పు చివరకు అంటుకొనునది ఊపిరికే. చిల్లి పడిన తిత్తిని కుట్టుటకు శస్త్రవైద్యులు కలరు. చిల్లి పడకుండ కాపాడుకొనుట మాత్రము ఎవరి చేతిలో వారికే యున్నది. ఈ సంగతిని తన జీవితముతోను, తన మరణముతోను బోధించిన ఆ మహనీయుని స్మృతి చిరస్థాయి యగుగాక.